చదివినట్టు గుర్తు

"నీ కుర్చీకీ ఆ గది తలుపుకీ మధ్య ఎన్ని అడుగులు?"

పెంచలకృష్ణ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. రొయ్యల ఫ్యాక్టరీలో మిషన్లన్నీ చూసుకునే ఇంజనీరు అతను. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు గానీ ఈ ఐదు రోజుల్లో ముఖం పీక్కుపోయింది.

"కొలవలేదు మేడం."

"నేను కొలిచినా. ఇరవై రెండు. ఒక్క కేక పెడితే వినపడే దూరం. పెట్టినావా?"

"మెయిల్ పెట్టినాను."

ఏఎస్ఐ ఆదిశేషమ్మ ఆ మాటను నోటుబుక్కులో రాసుకుంది. ఇదే మాటను ఆమె రాసుకోవడం ఇది నాలుగోసారి. మేనేజరును అడిగితే మెయిల్ పెట్టానన్నాడు. సేఫ్టీ ఆఫీసరును అడిగితే మెయిల్ పెట్టానన్నాడు. అంబులెన్సుకు కబురు చేసిందెవరని అడిగితే, ఫోన్ చేసే ముందు అక్కడ కూడా ఎవరో ఒకరు మెయిల్ పెట్టారు.

సోమవారం పొద్దున మూడో నంబరు గదిలో సాహిరా చనిపోయింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. గడ్డకట్టించిన రొయ్యలు దాచే గదుల్లో చలి సరిగ్గా ఉందా లేదా అని తిరిగి రాసుకోవడం ఆమె ఉద్యోగం. ఒంటి మీద గీత కూడా లేదు. గాలి అందక పోయిందని డాక్టరు రాశాడు. గదిలోకి పోవద్దని 9.12కు హెచ్చరిక పంపామనీ, ఆమె 9.14కు దాన్ని చదివిందనీ, చదివి కూడా 9.40కి లోపలికి పోయిందనీ కంపెనీ రాసిచ్చింది. చదివి కూడా పోయిందంటే దాని అర్థమేమిటో ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఊరు మాత్రం నోటితో అనేసింది. కావాలనే చచ్చిపోయిందట.

సాహిరా తల్లి ముంతాజ్ బేగం స్టేషనుకు వచ్చి ఒక్కటే అడిగింది. పరిహారం అడగలేదు, ఎవరినో జైల్లో వేయమనీ అడగలేదు. నా బిడ్డ తెలిసి పోయిందా, తెలియక పోయిందా, అది చెప్పండి చాలు అంది. అప్పటికి ఆమె కంట్లో ఒక్క చుక్క కూడా లేదు. అది చూసే ఆదిశేషమ్మకు ఎక్కువ భయం వేసింది.

భయపడటం ఆదిశేషమ్మకు కొత్త కాదు. నెల్లూరులో నర్సుగా చేసే తన కూతురు ఫోను పది నిమిషాలు ఎత్తకపోతే చాలు, ఆటో బోల్తా పడ్డం దగ్గర్నుంచి శవపంచనామా దాకా ఆమె కళ్ళ ముందు జరిగిపోతుంది. స్టేషనులో కుర్రకారు నవ్వుతారు. కానీ ఇరవై ఆరేళ్ళ నౌకరీలో ఆమెకు పనికొచ్చింది ఆ భయమే. అందరికన్నా ముందు ఆమె ఘోరాన్ని ఊహిస్తుంది. చాలాసార్లు ఆ ఘోరమే నిజమవుతుంది.

"వరసగా చెప్పు," అంది. "టైములతో."

"తొమ్మిదీ పదికి గేజి చూసినా మేడం. మూడో గదిలో నైట్రోజన్ పైపు కారతా ఉంది. ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది. ఆ గ్యాసుకు వాసన ఉండదు. లోపలికి పోయినోళ్ళకు తెలిసే లోపలే పడిపోతారు. తొమ్మిదీ పన్నెండుకు మెయిల్ పెట్టినా. పొద్దునపూట ఆ గదికి పోయేది క్వాలిటీ నుంచి ఆమె ఒక్కతే. తొమ్మిదీ పధ్నాలుగుకు ఆమె చదివినట్టు గుర్తు వచ్చింది."

"వస్తే?"

"వస్తే చెప్పినట్టే మేడం. రూలది. పది నిమిషాల్లో గుర్తు రాకపోతే సెక్యూరిటీని పంపించి మనిషికి మనిషే చెప్పించాలి. వచ్చింది కాబట్టి పంపించలే."

"ఇరవై రెండు అడుగులు నడిచి నోటితో చెప్పొచ్చు కదయ్యా."

"నోటితో చెప్తే రుజువు ఉండదు మేడం." అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పోయినేడాది కంప్రెసర్ సంగతి నోటితోనే చెప్పినా. అది పేలినాక, మాకెవరూ చెప్పలే అన్నారు. మూడు నెలలు నన్ను ఇంట్లో కూర్చోబెట్టినారు. అప్పట్నించీ నేను నీళ్ళు తాగినా మెయిల్ పెట్టే తాగుతా ఉండా."

"తలుపుకు గొలుసు వేసి బోర్డు తగిలించాలి కదా?"

"అవి స్టోర్స్‌లో ఉంటాయి. కావాలంటే స్టోర్స్‌కు మెయిల్ పెట్టాలి. తొమ్మిదీ పదమూడుకు పెట్టినా."

"ఇచ్చినారా?"

పెంచలకృష్ణ నేల వైపు చూశాడు. "వాళ్ళు ఇంకా చదవలేదు మేడం. ఈ రోజుకీ."

రోజుకు ఎన్ని వస్తాయని అడిగింది ఆదిశేషమ్మ. మూడొందలకు తక్కువ ఉండవన్నాడు. తప్పు తన మీదికి రాకుండా ప్రతివాడూ అందరికీ కాపీ పెడతాడట. టీ మిషన్ చెడిపోయినా నలభై మందికి పోతుంది. చదవకుండా ఎక్కువ వదిలేసినవాళ్ళ పేర్లు సాయంత్రం ఐదుకు క్యాంటీన్ టీవీలో ఎర్రగా పడతాయి. అన్నిటినీ ఒకేసారి చదివినట్టు చూపించే బటన్ ఉండేదట, దాన్ని కొత్త మేనేజరు తీయించేశాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ తెరవాల్సిందే.

"సాహిరా పేరు ఎర్రగా పడేదా?"

"మొదట్లో పడేది. నాలుగు నెలల నుంచి లేదు. ఆమెకు రోజూ సున్నానే. పోయిన నెల సర్టిఫికెట్ కూడా ఇచ్చినారు."

*

మూడో గది తలుపు బరువైనది, వదిలితే దానంతట అదే మూసుకుంటుంది. లోపల ఇప్పుడు గ్యాసు లేదు, ఫ్యాను తిరుగుతోంది. అయినా ఆదిశేషమ్మ గడప దగ్గర ఒక క్షణం ఆగి, కానిస్టేబులును తలుపు పట్టుకుని నిలబడమని చెప్పి, అప్పుడు అడుగు పెట్టింది.

పడిపోయిన చోటు చుట్టూ గీసిన సుద్దగీత తేమకు సగం చెరిగిపోయింది. తల తలుపు వైపు ఉంది. కాళ్ళు లోపలి వైపు. ఒక బూటు జారి అడుగు వెనక పడి ఉండిందని పంచనామాలో రాశారు. అంటే పిల్ల లోపలిదాకా పోయి, ఏదో తేడా తెలిసి, వెనక్కి తిరిగింది. బయటికి రావాలనుకుంది. రెండడుగులు తక్కువైంది.

ఆ రెండడుగులను ఆదిశేషమ్మ తన అడుగులతో కొలవబోయి మానుకుంది.

సాహిరా చేతిలో ఉండిన అట్ట, దానికి పెట్టిన కాగితం ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. మొదటి గది 9.20. రెండో గది 9.30. మూడో గది 9.40, పక్కన ఎంత చలి ఉందో రాయాల్సిన గడి ఖాళీ. దాని కింద నాలుగో గది, 9.50 అని ముందే రాసి పెట్టుకుంది. అంచున పెన్సిలుతో చిన్న అక్షరాలు: టీ తర్వాత ఆరో పెట్టె మళ్ళీ చూడాలి.

"చావబోయే మనిషి టీ తర్వాత పని రాసుకుంటుందా?" అంది పైకే.

"అలవాటుగా రాసుంటుంది అక్కా."

గడపలో శివశంకర్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆదిశేషమ్మ దగ్గరే కానిస్టేబులుగా చేశాడు. ఇప్పుడు నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివ్, ఈ కేసులో కంపెనీ పిలిపించుకున్న మనిషి.

"చేతి అలవాటు వేరు, మనసులో ఉన్నది వేరు. పాపం, మీకు మెయిళ్ళ కేసు అప్పజెప్పినారు. ఇంతకీ మీకు మెయిల్ ఐడీ ఉందా అక్కా?"

"ఉంది. నా కూతురు పెట్టిచ్చింది. కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు."

"ఎంతవరకు చదువుకున్నారు మీరు?"

"పది. రెండుసార్లు."

కానిస్టేబులు నవ్వు ఆపుకోలేకపోయాడు. శివశంకర్ కూడా నవ్వాడు. ఆదిశేషమ్మ నవ్వలేదు.

"నువ్వు డిగ్రీ గదా, నాకు నేర్పించు. వరండా కెమెరాలో ఆ పిల్ల ఎనిమిదీ యాభై అయిదుకు లోపలికి పోయింది. తొమ్మిదీ నలభై దాకా బయటికి రాలే. మెయిళ్ళు చూసుకునే కంప్యూటర్ టీ గదిలో, అంటే బయట ఉంది. మరి తొమ్మిదీ పధ్నాలుగుకు ఎక్కడ చదివింది?"

"ఫోన్లో."

"లోపలికి ఫోను పోనివ్వరు."

"దొంగతనంగా పట్టుకుపోయుంటుంది."

ఆదిశేషమ్మ అతన్ని దాటుకుని గేటు దగ్గరికి నడిచింది. సెక్యూరిటీ మస్తానమ్మ ఫోన్ల పెట్టెను వీపు వెనక దాచుకున్నట్టు నిలబడింది.

"సోమవారం సాహిరా ఫోను ఎప్పుడిచ్చింది?"

"ఎనిమిదీ యాభైకి మేడం. నలభై ఒకటో సంచి. మీ ముందరే గదా తీసినాం, ఆ రోజు. దాంట్లోనే ఉండింది." మస్తానమ్మ శివశంకర్ వైపు చూసింది. "ఈ సారు నిన్న వచ్చి, ఆయమ్మి ఫోను ఇయ్యలేదని రాసియ్యమన్నాడు. నేను రాయలే. నేను తడిమి పంపిస్తా ప్రతి పిల్లనీ. ఆయమ్మి రోజూ నవ్వుతా చేతులెత్తేది, అత్తా గిలిగింతలు అని."

శివశంకర్ ముఖం ఎర్రబడింది. "రెండో ఫోను ఉండొచ్చు కదా!"

"దొరికిందా?"

"దొరుకుతుంది."

"దొరికినాక మాట్లాడు. నాకైతే ఇంకోటి కనిపిస్తా ఉంది. గుర్తు రాకుండా ఉంటే సెక్యూరిటీ పోయి చెప్పేది. గుర్తు వచ్చింది కాబట్టి ఎవరూ పోలే. ఆ మెయిల్ తెరిచింది ఇంకెవరో."

*

కంప్యూటర్లు చూసుకునే జడ్సన్ వాళ్ళ కోసమే కాచుకుని ఉన్నాడు. సాహిరా మెయిల్ ఖాతా చూడటానికి కోర్టు అనుమతి నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. శనివారం పొద్దున, గోడ మీద గడియారం 8.52 చూపిస్తోంది.

"ఖాతా ఇంకా నడస్తానే ఉందా?" అంది ఆదిశేషమ్మ.

"మూసేయాలంటే పై నుంచి మెయిల్ రావాలి మేడం. రాలేదు. ఆమెకు వచ్చేవి వస్తానే ఉన్నాయి."

తెర మీద అడ్డగీతల పట్టిక తెరిచాడు. ఎప్పుడెప్పుడు, ఏ ఫోను నుంచి తెరిచారో దాంట్లో ఉంటుందన్నాడు. వేలు పెట్టి చూపించాడు. సోమవారం 9.14. సంచిలో ఉన్న ఫోను నుంచి కాదు. ఇంకో ఫోను.

శివశంకర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చెప్పినానా లేదా? రెండో ఫోను!"

"ఆగండి సార్." జడ్సన్ పట్టికను పైకి జరుపుతున్నాడు. అతని వేలు ఆగింది. "ఈ రెండో ఫోను నాలుగు నెలల కింద చేరింది. ఆదివారాలు వదిలేస్తే రోజూ పొద్దున తొమ్మిదికి మొదలు. అన్నీ తెరుస్తుంది. కొత్తది ఏదొచ్చినా రెండు నిమిషాల్లోపలే. ఒక్కోదాని మీద మూడు సెకండ్లు, నాలుగు సెకండ్లు. ఎవరూ చదవడం లేదు మేడం. ఉత్తగా తెరిచి మూస్తా ఉన్నారు."

"సోమవారం తర్వాత?"

జడ్సన్ కిందికి జరిపాడు. మంగళవారం లేదు. బుధవారం లేదు. ఆ రెండు రోజులూ సాహిరా ఇంట్లో పరామర్శకు వచ్చిన జనం.

గురువారం, 9.03. శుక్రవారం, 9.01.

చనిపోయిన పిల్ల ఉత్తరాలను ఎవరో ఇంకా తెరుస్తున్నారు.

"ఆధారాలు చెరిపేస్తా ఉండాడు," శివశంకర్ గొంతు తగ్గించాడు. ఇప్పుడు అతనిలో వెక్కిరింత లేదు, వేటకుక్క చూపు ఉంది. "పాస్‌వర్డ్ తెలిసినోడు. ప్రేమికుడో, ఇంకొకడో. హెచ్చరిక చూసి కూడా ఆమెకు చెప్పలేదు. అక్కా, ఇది హత్యే."

గడియారం తొమ్మిది దాటింది. జడ్సన్ తెరలో ఒక మూల సాహిరా ఖాతాలో చదవనివి ఎన్ని ఉన్నాయో చూపించే అంకె ఉంది. 231.

9.04కు అది 230 అయింది.

ముగ్గురూ ముందుకు వంగారు. 229. 228. మూడు సెకండ్లకొకటి చొప్పున దిగుతోంది. 225. "ఇప్పుడే! ఇప్పుడే తెరస్తా ఉండాడు!" అని శివశంకర్ తన జేబులోంచి ఫోను లాగాడు. జడ్సన్ ఏ టవరు నుంచో చూస్తానని ఇంకో కిటికీ తెరిచాడు.

ఆదిశేషమ్మకు ఎప్పటిలాగే ఘోరం ముందు కనిపించింది. వాడెవడో గానీ సాహిరా పాస్‌వర్డ్ ఉన్నవాడు, ఇల్లు కూడా ఎరిగినవాడే అయి ఉంటాడు. కేసు పెట్టిన తల్లి ఇందుకూరుపేటలో ఒంటరిగా ఉంది. భర్త పోయి ఆరేళ్ళు. తలుపు వేసుకుందో లేదో. ఎవరైనా వస్తే తీయొద్దని చెప్పాలి. ఆమె ముంతాజ్ నంబరు నొక్కింది.

తెర మీద 212. 211.

అవతల రింగు పోయింది. 209 దగ్గర అంకె ఆగింది.

"ఆఁ, చెప్పక్కా," అంది ముంతాజ్ గొంతు, పక్కవాళ్ళకూ వినపడేంత గట్టిగా.

ఆదిశేషమ్మ అంకెను చూస్తోంది. 209. అది కదల్లేదు.

"ముంతాజ్." ఆమె గొంతు ఆమెకే తెలియనట్టుగా ఉంది. "ఏం చేస్తా ఉండావు?"

"ఏముందక్కా. బిడ్డ పని ఒకటి ఉంటే చేస్తా ఉండా."

"ఏం పని?"

"దానికి ఆఫీసు మెయిళ్ళు వస్తాయి గదా. పొద్దున లోపలికి పోతే మజ్జాన్నం దాకా ఫోను ఉండదు. ఒకరోజు టీవీలో దాని పేరు ఎర్రగా ఏసినారని ఏడ్చుకుంటా వచ్చింది. అన్నం తినలే. నాకు ఇంగ్లీషు రాకపోయినా తెరవడం మూయడం వస్తాది గదే, నేర్పించు అన్నా. నా ఫోన్లో పెట్టిచ్చింది. 'అమ్మీ, లావుగా ఉండే అక్షరాలన్నీ సన్నం కావాల, అంతే, వాటిల్లో ఏముండదు, అన్నీ కాపీలే' అనింది. మిషన్ మీద కుట్టు ఆపి రోజూ చేసేస్తా. సర్టిఫికెట్ వచ్చినప్పుడు, అమ్మీ ఇది నీది అని నా చేతికిచ్చింది."

209.

"ఇంకా ఎందుకు చేస్తా ఉండావు ముంతాజ్?"

"మానేస్తే దాని పేరు మళ్ళా ఎర్రగా పడుద్ది గదక్కా. పోయినాక కూడా దాన్ని పది మందిలో అనిపించాలా?"

జడ్సన్ కుర్చీలోంచి లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. శివశంకర్ మాత్రం తెరనూ ఆదిశేషమ్మ ఫోనునూ మార్చి మార్చి చూస్తున్నాడు. కంపెనీకి కావాల్సింది దొరికిందని అతని కళ్ళు చెబుతున్నాయి. ఉద్యోగి పాస్‌వర్డ్ బయటివాళ్ళకిచ్చింది. హెచ్చరికను ఆమె తల్లే తెరిచింది. కంపెనీ తప్పు లేదు.

"అక్కా, ఒక్కటి చెప్పు," అంది ముంతాజ్. "మసీదు వీధిలో ఏందేందో అంటా ఉండారు. ఏమన్నా తెలిసిందా? నా బిడ్డ చదివి పోయిందా, చదవక పోయిందా?"

ఐదు రోజులుగా ఆ జవాబు కోసమే ఆదిశేషమ్మ తిరుగుతోంది. ఇప్పుడది ఆమె చేతిలో ఉంది. దాన్ని ఇవ్వకుండా ఉంటే ఆ తల్లి బతికినన్నాళ్ళూ కూతురు తనను వదిలేసి పోయిందనుకుంటుంది. ఇస్తే...

"చదవలేదు ముంతాజ్," అంది. "నీ బిడ్డ ఆ మెయిల్ చూడనే లేదు. ఆమెకు తెలియదు. నాలుగో గది టైము కూడా ముందే రాసిపెట్టుకుంది. బయటికి రావాలని చూసింది. ఇంటికి రావాలనే చూసింది."

అవతల ఏదో పగిలినట్టు ఏడుపు వచ్చింది. సోమవారం నుంచి గడ్డకట్టి ఉన్నదంతా ఒక్కసారి కరిగినట్టు ఏడ్చింది ముంతాజ్. అల్లా అంది. నా తల్లీ అంది. నాకు తెలుసు, నాకు తెలుసు అంది. ఆదిశేషమ్మ ఫోనును చెవికి గట్టిగా నొక్కుకుని, బయటికి ఒక్క అక్షరం కూడా పోకూడదన్నట్టు రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఏడుపు మెల్లగా తగ్గింది.

"అయితే అక్కా, చదివినట్టు గుర్తు వచ్చిందన్నారు గదా. మరి ఎవరు తెరిచినారు? ఆ తెరిచినోళ్ళు ఒక్క మాట చెప్పి ఉంటే నా బిడ్డ బతికేది గదా."

"అది... ఇంకా చూడాల."

ముంతాజ్ గొంతు వేరేగా వచ్చింది, చీకట్లో మెట్లు వెతుక్కుంటూ దిగుతున్నట్టు.

"ఎన్ని గంటలకు తెరిచినారక్కా?"

ఇరవై ఆరేళ్ళలో ఆదిశేషమ్మ ఎవరికీ తప్పు టైము చెప్పలేదు.

"టైము తేలలేదు ముంతాజ్. నేనే వస్తా ఉండా మీ ఇంటికి. కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు ఇప్పుడు ఆ ఫోను పక్కన..."

శివశంకర్ ఆమె భుజం దగ్గరికి వంగాడు. ఫోనులోకి వినపడేటట్టు, ఒక్కో అక్షరం విడమరిచి అన్నాడు:

"తొమ్మిదీ పధ్నాలుగు."

ఆదిశేషమ్మ అతన్ని మోచేత్తో తోసింది. అతను బల్లకు తగిలి తూలాడు. "రేపు కోర్టులో ఎట్టాగూ చెప్పక తప్పదు గదక్కా," అంటున్నాడు. ఆమె వినడం లేదు. అవతల ఊపిరి చప్పుడు కోసం వింటోంది.

"ముంతాజ్? ముంతాజ్, నా మాట విను. తప్పు నీది కాదు. చెప్పాల్సినోడు ఇరవై రెండు అడుగుల దూరంలో కూర్చుని ఉండాడు. గొలుసు లేదు, బోర్డు లేదు. నువ్వు కాదు. వింటా ఉండావా?"

"సోమవారం కూడా చేసినానక్కా," అంది ముంతాజ్. చాలా నెమ్మదిగా, ఎవరికో లెక్క ఒప్పజెబుతున్నట్టు. "ఒక్కటి కూడా వదల్లే."

ఫోను ఎక్కడో కింద పెట్టిన చప్పుడు. గచ్చు మీద అడుగులు. తలుపు మూసిన చప్పుడు, లోపలి నుంచి గడియ పడిన చప్పుడు.

"పక్కింటోళ్ళ నంబరు ఎవరి దగ్గరన్నా ఉందా?" ఆదిశేషమ్మ అరిచింది. గుమ్మంలో నిలబడ్డ కానిస్టేబులు అయోమయంగా చూశాడు. జడ్సన్ తల అడ్డంగా ఊపాడు.

అప్పటికే ఆమె వరండాలో పరుగెత్తుతోంది. ఇందుకూరుపేటకు జీపులో పదకొండు నిమిషాలు.